ఆటలు – ఆటగాళ్ళు: చేతులతో గెలిచిన ఒక్సానా

పోయిన నెల ఈ శీర్షికలో పరుగు పందాలను గురించి చెప్పుకున్నాం. అది చదివి చాలామంది పిల్లలు ఒకే ప్రశ్న రాశారు: "ఒక ఆటలో మొనగాడైనవాడు ఇంకో ఆట ఆడితే అందులో కూడా మొనగాడవుతాడా?" అని.

మంచి ప్రశ్నే. మామూలుగా అయితే కాడు. కబడ్డీలో పదిమందిని ఒక్కడే పట్టేవాడిని చెరువులో దింపితే అవతలి గట్టు చేరేలోపల రొప్పుతాడు. బలం లేక కాదు; ప్రతి ఆటకూ దాని పని వేరు.

ఇది మన ఇళ్ళలో పనులతోనే తెలుసుకోవచ్చు. బావిలోనుంచి చేదతో నీళ్ళు తోడటం ఒక పని. రోట్లో వడ్లు పోసి రోకలితో దంచటం ఒక పని. తిరగలి తిప్పి పిండి విసరటం మరొక పని. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ మూడూ కనిపించవు. అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి, చెబుతుంది. మూడూ చేతులతో చేసేవే. కాని చేదను లాగాలి, రోకలిని ఎత్తి కిందికి వెయ్యాలి, తిరగలిని గుండ్రంగా తిప్పాలి. రోజుకు నూరు చేదలు తోడే మనిషిని దంచమంటే, పాతిక పోట్లకే భుజాలు పడిపోతాయి.

అయినప్పటికీ, ఇలాటి మూడు పనులలోనూ ప్రపంచంలో మేటి అనిపించుకున్న మనిషి ఒకామె ఉన్నది. ఆమె పడవ పందెంలో పతకం గెలిచింది. మంచు మీద జారే పందాలలో గెలిచింది. జారుతూ పోయి తుపాకి కాల్చే పందాలలో గెలిచింది. సైకిలు పందాలలో కూడా గెలిచింది. ఆమెకు రెండు కాళ్ళూ లేవు. పుట్టినప్పుడు చేతులకు బొటనవేళ్ళు కూడా లేవు. ఆమె పేరు ఒక్సానా మాస్టర్స్. ఈ నెల ఆమె కథ చెప్పుకుందాం.

ఫొటోలో అమ్మ

ఒక్సానా 1989 జూన్ 19న ఉక్రెయిన్ దేశంలో ఖ్మెల్నిత్స్కీ అనే ఊళ్ళో పుట్టింది. ఆ రోజుల్లో ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉండేది. అంతకు మూడేళ్ళ కిందట, 1986 ఏప్రిల్‌లో, ఉక్రెయిన్‌లోనే చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రేలుడు జరిగింది. కంటికి కనిపించని ప్రమాదకరమైన కిరణాలు వెదజల్లే పదార్థాలు గాలిలో కలిసి చుట్టూ నేల మీదా, నీళ్ళలోనూ, పైర్ల మీదా పడ్డాయి. తల్లి కడుపులో బిడ్డ పెరిగే సమయంలో అలాటి కిరణాలు సోకితే బిడ్డ ఎముకలు సరిగా ఏర్పడకపోవచ్చు. ఒక్సానాకు జరిగింది అదేనని భావిస్తున్నారు.

ఆ పసిపాప పాదాలకు ఆరేసి వేళ్ళున్నాయి. చేతులకు ఐదేసి వేళ్ళున్నాయి గాని, అవి బాతు కాలి వేళ్ళలాగా చర్మంతో అతుక్కుని ఉన్నాయి. వాటిలో బొటనవేలు లేదు. మోకాలికీ పాదానికీ మధ్య, ఒంటి బరువు మోసే పెద్ద ఎముక లేదు. ఒక కాలు రెండో కాలికన్న ఆరంగుళాలు పొట్టి. కన్నవాళ్ళు ఆ పాపను అనాథ శరణాలయానికి అప్పగించారు.

ఒక్సానా ఏడేళ్ళు వచ్చేదాకా అలాటి శరణాలయాలలోనే, ఒకటి కాదు, మూడింటిలో పెరిగింది. అక్కడ కడుపు నిండా తిండి లేదు. చలికి తగిన బట్ట లేదు. దెబ్బలు మాత్రం ఉండేవి. ఈ సంగతులన్నీ ఆమె పెద్దయినాక తన జీవిత కథలో రాసింది. ఆ పుస్తకం 2023లో అచ్చయింది.

ఇలా ఉండగా, అమెరికాలో బఫలో అనే నగరంలో గే మాస్టర్స్ అనే ఆవిడ ఉండేది. ఆవిడ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఒంటరిగా ఉండేది. ఒక బిడ్డను తెచ్చి పెంచుకోవాలని ఆవిడకు కోరిక. ఎవరో చూపిన ఫొటోలలో ఐదేళ్ళ ఒక్సానా ముఖం చూసింది. "ఈమే నా కూతురు," అనుకున్నది.

కాని అనుకోగానే అయిపోలేదు. సరిగ్గా ఆ సమయంలోనే ఉక్రెయిన్ ప్రభుత్వం తమ పిల్లలను పరదేశాలవారికి దత్తు ఇవ్వటం ఆపివేసింది. గే మాస్టర్స్ కాగితాల మీద కాగితాలు పంపుతూ కూర్చున్నది. ఒక్సానాకు కూడా ఆవిడ ఫొటో ఒకటి చేరింది. ఇక్కడ తల్లి, అక్కడ పిల్ల, ఒకరి ఫొటో ఒకరు చూసుకుంటూ రెండేళ్ళు ఎదురుచూశారు. చివరకు 1997లో తల్లి వెళ్ళి కూతురిని ఇంటికి తెచ్చుకున్నది.

అమెరికాలో డాక్టర్లు ఒక్సానాను పరీక్షించారు. మొదట చేతుల సంగతి చూడండి. బొటనవేలు లేకపోతే ఏమవుతుంది? మీ బొటనవేలును అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్ళతో నీళ్ళ చెంబు ఎత్తి చూడండి. మనిషి చేతికి పట్టు ఇచ్చేది బొటనవేలే అని ఇట్టే తెలుస్తుంది. అందుచేత డాక్టర్లు ఆమె వేళ్ళను విడదీసి, ఒక్కొక్క చేతికీ లోపలివైపున్న వేలు బొటనవేలు లాగా పనిచేసేటట్టు ఆపరేషను చేశారు.

కాళ్ళను మాత్రం బాగు చెయ్యటం సాధ్యం కాలేదు. పిల్ల పెరిగేకొద్దీ, బరువు మోసే ఎముక లేని ఆ కాళ్ళు ఆమెను మొయ్యలేకపోయాయి. తొమ్మిదో ఏట ఎడమ కాలు తీసివేశారు. పద్నాలుగో ఏట కుడి కాలు కూడా మోకాలి పైదాకా తీసివెయ్యవలసి వచ్చింది.

కదలని పీట

ఈ రెండు ఆపరేషన్ల మధ్యనే ఆమె జీవితంలోకి ఆట వచ్చింది. 2001లో తల్లీ కూతుళ్ళు కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరానికి మారారు. ఆ ఊరిని ఆనుకుని ఒహయో నది పారుతుంది. అంగవైకల్యం ఉన్నవారికి అక్కడ పడవ నడపటం నేర్పుతారు. తల్లి వెళ్ళమన్నది. ఒక్సానాకు మొదట ఇష్టం లేకపోయింది. కాని 13వ ఏట పడవ ఎక్కి ఒకసారి తెడ్డు వేసేసరికి, ఆ నీళ్ళను విడిచి రాబుద్ధి కాలేదు. నేల మీద నడవటానికి ఎంతో అవస్థ పడే పిల్ల నీళ్ళ మీద చేపలాగా పోసాగింది.

ఇక్కడ కొంచెం ఆగి, పడవ పందెంలో శరీరం చేసే పని ఏమిటో చూద్దాం. పందెపు పడవలో మామూలుగా కూర్చునే పీట పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పడవ నడిపేవాడు కాళ్ళు ముడిచి, తెడ్డు నీళ్ళలో వేసి, కాళ్ళను బారుగా చాపుతాడు. పీట వెనక్కు జరుగుతుంది, తెడ్డు నీటిని తోస్తుంది. చూసేవాళ్ళకు చేతులతో లాగుతున్నట్టే కనబడుతుంది. కాని పడవను నడిపే బలంలో ఎక్కువ భాగం కాళ్ళదే!

ఒక్సానా పాల్గొన్న పందెంలో పీట కదలదు. కాళ్ళ బలం వాడకుండా నడుమూ చేతులతోనే లాగాలి. ఒక్కొక్క తెడ్డు వేటుకూ నడుము ముందుకు వంగి, వెనక్కు వాలాలి. కాళ్ళు మొయ్యవలసిన భారమంతా వెన్నెముక మీద పడుతుంది. బావి పళ్ళెం మీద కూర్చుని, కాళ్ళు ఆనించకుండా బరువైన చేదను లాగినట్టన్న మాట.

2012లో లండన్‌లో పారాలింపిక్ పోటీలు జరిగాయి. అంగవైకల్యం కల ఆటగాళ్ళ కోసం ప్రపంచమంతా కలిసి జరిపే పోటీలు ఇవి. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసిన లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, ఆటలు కూడా చికిత్సలో భాగమని నమ్మి, 1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి ఆవరణలో చక్రాల కుర్చీలవారికి విలువిద్య పోటీ పెట్టాడు. దాని నుంచే ఈ పోటీలు పెరిగాయి. మొదటి పారాలింపిక్స్ 1960లో రోము నగరంలో జరిగాయి.

లండన్‌లో ఒక్సానా పడవలో మరొకడు కూడా ఉన్నాడు. అతని పేరు రాబ్ జోన్స్. అతను సైనికుడు, 2010లో ఆఫ్ఘనిస్తాన్‌లో బాంబు ప్రేలి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు, నాలుగు తెడ్లు. పందెం దూరం వెయ్యి మీటర్లు. ఆ జంటకు మూడో స్థానం, కంచు పతకం లభించాయి. ఆ రకం పందెంలో అమెరికాకు అదివరకు ఎన్నడూ పతకం రాలేదు.

ఒక్సానా ఇక బంగారు పతకం మీద కన్ను వేసింది. అంతలో వెన్నెముక మొరాయించింది. ఆ గాయంతో పడవ నడిపితే లాభం లేదన్నారు. పదేళ్ళుగా ప్రాణంగా చూసుకున్న ఆటను ఆమె మానుకోవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా నిండలేదు.

మంచు మీద రోకలి

మన ప్రశ్న గుర్తున్నదా? ఒక ఆటలో మొనగాడు ఇంకో ఆటలోకి పోతే ఏమవుతుంది? ఆ ప్రశ్న ఇప్పుడు ఒక్సానా ముందు నిలిచింది. ఆమె మంచు మీద జారే ఆటను పట్టుకున్నది.

మంచు దేశాలలో కాళ్ళకు స్కీలు అనే పొడుగాటి పలకలు కట్టుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని, పొడుచుకుంటూ మైళ్ళ దూరం జారిపోతారు. కాళ్ళు లేనివారికి రెండు స్కీల మీద ఒక చిన్న ఆసనం బిగిస్తారు. అందులో కూర్చుని, నడుముకు పట్టీ బిగించుకుని, రెండు పొట్టి కర్రలను ఒకేసారి ఎత్తి మంచులో గుచ్చి, ఒంటిని ముందుకు వంచి, వెనక్కు తొయ్యాలి. ఎత్తటం, వంగటం, వెయ్యటం. అచ్చం రోకటి పోటే! పైగా దోవ చదునుగా ఉండదు. మిట్ట ఎక్కవలసి వచ్చినప్పుడు ఆసనంతో సహా తన బరువంతా ఆ చేతులే పైకి లాక్కుపోవాలి. పల్లానికి వచ్చినప్పుడు, కాళ్ళు లేకుండా ఒరిగిపోకుండా, నడుము వంపుతో మలుపు తిప్పుకోవాలి.

పడవ నుంచి ఆమెతో పాటు మంచు మీదికి వచ్చినవేమిటి? రానివేమిటి? గుండె వచ్చింది, ఊపిరితిత్తులు వచ్చాయి. ఏళ్ళ తరబడి తెడ్డు వేసినందువల్ల ఆమె గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ నెత్తురును తోడటం నేర్చింది. అలాటి గుండె ఏ ఆటకైనా పనికి వస్తుంది. భుజాల బలం కూడా కొంత వచ్చింది. కాని తెడ్డును లాగే కండరాలు వేరు, కర్రను కిందికి తోసే కండరాలు వేరు. వాటిని కొత్తగా పెంచుకోవాలి. మంచు మీద తూకం నిలుపుకోవటం మొదటినుంచీ నేర్చుకోవాలి. నేర్చుకునేవాళ్ళందరి లాగే ఆమె కూడా మంచులో పడుతూ, లేస్తూ నేర్చుకున్నది.

లండన్ పోటీలు ముగిసి ఏడాదిన్నర అయింది. 2014 మార్చిలో రష్యాలోని సోచీ నగరంలో శీతకాలపు పారాలింపిక్స్ జరిగాయి. ఒక్సానా 12 కిలోమీటర్ల పందెంలో వెండి పతకం, 5 కిలోమీటర్ల పందెంలో కంచు పతకం గెలిచింది!

సూదిలో దారం

మంచు మీద మరొక చిత్రమైన పందెం ఉన్నది. దాని పేరు బయాథ్లాన్. ఇందులో వేగంగా జారుతూ పోయి, మధ్యలో ఆగి, గాలి తుపాకితో పది మీటర్ల దూరంలో ఉన్న ఐదు చిన్న గురులను కొట్టాలి. మళ్ళీ జారాలి, మళ్ళీ ఆగి కొట్టాలి. గురి తప్పితే శిక్ష ఉన్నది. కొన్ని పందాలలో అదనంగా ఒక చుట్టు తిరగాలి. కొన్నింటిలో తప్పిన ఒక్కొక్క గుండుకూ ఒక నిమిషం కలుపుతారు.

ఇందులో చిక్కేమిటంటే, ఒక పని రెండోదాన్ని చెడగొడుతుంది. వేగంగా జారితే గుండె దడదడ కొట్టుకుంటుంది, రొప్పు వస్తుంది. రొప్పేవాడి చేతిలో తుపాకి వణుకుతుంది. నెమ్మదిగా పోతే గురి కుదురుతుంది, కాని పందెం పోతుంది. పరుగెత్తుకొచ్చి సూదిలో దారం ఎక్కించమన్నట్టు! అందుకని ఈ ఆటగాళ్ళు తుపాకి దగ్గరికి చేరబోతూ ఊపిరిని అదుపులోకి తెచ్చుకుంటారు. ఊపిరి విడిచి, మళ్ళీ పీల్చుకునే లోపల వచ్చే నిశ్చలమైన క్షణంలో మీట నొక్కుతారు. ఒక్సానా ఈ విద్య కూడా నేర్చింది.

2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌ఛాంగ్‌లో పోటీలు. వాటికి మూడు వారాల ముందు ఆమె మంచు మీద కాలుజారి పడింది. మోచేతి కీలు తప్పింది. చేతులతోనే అన్నీ చేసే మనిషికి మోచెయ్యి పోతే ఇంకేమున్నది! అయినా ఆమె పోటీలకు వెళ్ళింది. ఒక బయాథ్లాన్ పందెంలో మళ్ళీ పడి, అదే మోచేతికి దెబ్బ తగిలి, పందెం మధ్యలోనే తప్పుకున్నది. అందరూ ఆమె పని అయిపోయిందనుకున్నారు. ఆ మర్నాడు జరిగిన పొట్టి పందెంలో ఆమెకు బంగారు పతకం వచ్చింది! అది ఆమె మొదటి బంగారు పతకం. పోటీలు ముగిసేసరికి మొత్తం ఐదు పతకాలయ్యాయి: రెండు బంగారువి, రెండు వెండివి, ఒకటి కంచుది.

చేతులతో తొక్కే సైకిలు

చలికాలపు ఆటలకు మంచు కావాలి. మరి వేసవిలో ఏం చెయ్యాలి? సోచీ తరవాత ఒక్సానా చేతిసైకిలు మొదలుపెట్టింది. దీనికి మూడు చక్రాలుంటాయి. పెడల్సు కాళ్ళ దగ్గర కాక, ఛాతీకి ఎదురుగా ఉంటాయి. వాటిని చేతులతో పట్టి తిప్పాలి. ఇది తిరగలి పని!

ఈ సైకిలులో ఒక తమాషా ఉన్నది. మామూలు సైకిలులో ఒక పెడలు పైకి వస్తే రెండోది కిందికి పోతుంది. చేతిసైకిలులో రెండు పిడులూ కలిసి పైకి వస్తాయి, కలిసి కిందికి పోతాయి. ఎందుకు? ఆ పిడులు బిగించి ఉండేది ముందు చక్రానికి. సైకిలును పక్కకు తిప్పేది కూడా ఆ చక్రమే. ఒక చెయ్యి తోస్తూ ఉండగా రెండో చెయ్యి లాగితే, చక్రం ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ తిరిగిపోతుంది. సైకిలు పాములాగా మెలికలు పోతుంది. రెండు చేతులూ కలిసి తోస్తే ఆ చిక్కు లేదు. పైగా ఒంటి బరువు కూడా తోపుకు కలిసి వస్తుంది.

చేతిసైకిలు నడిపేవారిలో కొందరు వెల్లకిలా వాలి నడుపుతారు. నడుములో బలం ఉన్నవారు మోకాళ్ళ మీద కూర్చున్నట్టుగా, ముందుకు వంగి నడుపుతారు. ఒక్సానా రెండో రకం.

2016లో బ్రెజిల్ దేశంలోని రియో నగరంలో ఆమె ఈ సైకిలుతో పోటీ చేసింది. పతకం రాలేదు. రోడ్డు పందెంలో నాలుగో స్థానం దక్కింది. నాలుగో స్థానమంటే పతకం అంచుదాకా వచ్చి ఆగిపోవటం. తిరగలి అంత సులువుగా లొంగలేదన్న మాట. ఆమె మానలేదు. చలికాలంలో మంచు మీదా, వేసవిలో రోడ్డు మీదా సాధన చేస్తూ పోయింది.

తరవాతి పోటీలు జపానులోని టోక్యోలో. 2020లో జరగవలసినవి కోవిడ్ మూలాన 2021లో జరిగాయి. వాటికి సుమారు నూరు రోజుల ముందు ఆమె తొడ ఎముకలో కంతి కనబడింది. ఆపరేషను చేసి తీశారు. అంత కొద్ది వ్యవధిలో కోలుకుని వెళ్ళి, గడియారంతో పోటీ పడే పందెంలో బంగారు పతకం, మర్నాడు రోడ్డు పందెంలో మరో బంగారు పతకం గెలిచింది.

టోక్యోలో సైకిలు దిగిన సుమారు ఆర్నెల్లకే, 2022 మార్చిలో, చైనాలోని బీజింగులో మంచు పోటీలకు వచ్చింది. ఏడు పందాలలో పాల్గొన్నది. ఏడింటిలోనూ పతకాలు వచ్చాయి! మూడు బంగారువి, నాలుగు వెండివి. ఒకే శీతకాలపు పోటీలలో ఏడు పతకాలు గెలిచిన అమెరికన్ అంతకు ముందు ఎవరూ లేరు. 2024లో పారిస్‌లో మళ్ళీ చేతిసైకిలు ఎక్కి, టోక్యోలో గెలిచిన రెండు పందాలనూ మళ్ళీ గెలిచింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. లండన్‌లో 1, సోచీలో 2, ప్యాంగ్‌ఛాంగ్‌లో 5, టోక్యోలో 2, బీజింగులో 7, పారిస్‌లో 2. పారిస్ పోటీలు ముగిసేనాటికి మొత్తం 19 పతకాలు. అందులో బంగారువి 9. ఆటలు నాలుగు.

నెమ్మదిగా నడిచే గడియారం

"అందరి అంగవైకల్యం ఒకే రకంగా ఉండదు కదా, మరి న్యాయంగా పందెం ఎలా పెడతారు?" అని మీకు అనుమానం రావచ్చు. కూర్చుని జారే మంచు పందాలలో దీనికి చక్కని ఉపాయం ఉన్నది. నడుము కదలిక బాగా ఉన్నవారికి గడియారం పూర్తిగా నడుస్తుంది. నడుము కూడా స్వాధీనంలో లేనివారికి గడియారం అంత మేరకు నెమ్మదిగా నడుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకామెకు గడియారం నూటికి నూరుపాళ్ళు నడుస్తుందనుకుందాం. ఆమె 20 నిమిషాలకు గమ్యం చేరింది. రెండో ఆమెకు నూటికి 90 పాళ్ళే నడుస్తుంది. ఆమె 22 నిమిషాలకు చేరింది. 22 నిమిషాలంటే 1320 సెకన్లు. అందులో నూటికి 90 చొప్పున 1188 సెకన్లు; అంటే 19 నిమిషాల 48 సెకన్లు. వెనక వచ్చిన ఆమే 12 సెకన్ల తేడాతో గెలిచిందన్న మాట!

ఒక్సానాకు గడియారం నూరుపాళ్ళూ నడుస్తుంది. ఆమెకు ఒక్క సెకను కూడా తగ్గింపు లేదు.

మన దేశంలో ఒకరు

ఒక ఆట పోతే మరొక ఆటను పట్టుకుని గెలిచినవారు మన దేశంలో కూడా ఉన్నారు. మహారాష్ట్రకు చెందిన మురళీకాంత్ పేట్కర్ మన సైన్యంలో ఉండేవాడు, మంచి బాక్సరు. 1965 యుద్ధంలో అతనికి తుపాకి గుళ్ళు తగిలాయి. ఒకటి వెన్నెముకలో దిగబడింది. నడుము కింది భాగం పడిపోయింది. ఇక బాక్సింగు లేదు. చికిత్సలో భాగంగా అతన్ని ఈత కొట్టమన్నారు. ఆ ఈతే అతనికి కొత్త ఆట అయింది.

1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో అతను 50 మీటర్ల ఈతను 37.33 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు. పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి బంగారు పతకం. అదే పోటీలలో అతను బల్లెం విసిరే పందెంలో కూడా పాల్గొన్నాడు. 2018లో మన ప్రభుత్వం అతనికి పద్మశ్రీ ఇచ్చింది. గుద్దులు గుద్దిన భుజాలు నీళ్ళను కూడా వెనక్కు నెట్టగలిగాయి. కాని ఈతను అతను చిన్నపిల్లవాడిలాగా కొత్తగా నేర్చుకోవలసే వచ్చింది.

పిల్లలూ, ఇదే మీ ప్రశ్నకు జవాబు. ఒక ఆట నుంచి మరొక ఆటకు దమ్ము వెంట వస్తుంది, సాధన చేసే అలవాటు వెంట వస్తుంది. నేర్పు మాత్రం రాదు. పాత ఆటలో ఎంత పేరున్నా, కొత్త ఆటలో మొదటి రోజున చివరివాడుగా నిలబడవలసిందే. ఒక్సానా అలా మూడు సార్లు నిలబడింది: నీళ్ళ మీద, మంచు మీద, రోడ్డు మీద. ఆ మొదటి రోజుకు సిగ్గుపడి ఉంటే, ఆమె దగ్గర లండన్ పతకం ఒక్కటే ఉండేది.

మీరే చేసి చూడండి

ఒకటి: కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు తగలకుండా ఎత్తి, రెండు చేతులూ ఛాతీకి ఎదురుగా చేతిసైకిలు తొక్కుతున్నట్టు తిప్పండి. ముందు రెండు చేతులనూ కలిపి తిప్పండి. తరవాత ఒకటి పైకి, ఒకటి కిందికి తిప్పండి. మీ ఛాతీ ఎటు తిరుగుతున్నదో గమనించండి.

రెండు: తీరిగ్గా కూర్చుని సూదిలో దారం ఎక్కించండి. ఎన్ని ప్రయత్నాలకు ఎక్కిందో రాసుకోండి. తరవాత తాడుతో నూరు గెంతులు గెంతి, వెంటనే మళ్ళీ ఎక్కించండి. ఊపిరి విడిచి ఒక క్షణం ఆగి ఎక్కిస్తే ఏమైనా తేడా కనిపిస్తుందేమో చూడండి. సూదితో జాగ్రత్త!

మూడు: ఇది లెక్క. మంచు పందెంలో లీల 24 నిమిషాలకు గమ్యం చేరింది. ఆమెకు గడియారం నూరుపాళ్ళూ నడుస్తుంది. కమల 25 నిమిషాలకు చేరింది. ఆమెకు నూటికి 96 పాళ్ళు నడుస్తుంది. బంగారు పతకం ఎవరికి ఇవ్వాలి? తొందరపడకండి, ఇందులో చిన్న కిటుకు ఉన్నది. జవాబు వచ్చే నెల చూసుకోండి.